కర్నూలులో ట్రేడ్ షో: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, ఆదోని ప్రాంతాల్లో వాణిజ్య ప్రదర్శనలు, సదస్సులు నిర్వహించే చిన్న సంస్థ మాది. స్టాల్ తీసుకునే వ్యాపారులు, వాణిజ్య సంఘాల పెద్దలు, ఈ రంగంలోకి కొత్తగా దిగాలనుకునే యువకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

ట్రేడ్ షో అంటే ఎగ్జిబిషనే కదా? జెయింట్ వీల్ ఉంటుందా?

ఉండదు. వేసవి సెలవుల్లో వచ్చే ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్, ఢిల్లీ అప్పడం, ప్లాస్టిక్ సామాన్లు ఉంటాయి. అదీ మంచి వ్యాపారమే. హైదరాబాద్‌లో 1938లో మొదలైన నుమాయిష్ ఇప్పటికీ జనవరి వచ్చిందంటే నాంపల్లిని నింపేస్తోంది. అక్కడ అంగడివాడు ఏ రోజు గల్లా ఆ రోజు చూసుకుంటాడు. ట్రేడ్ షోలో గల్లా పెట్టె చూసి లాభనష్టాలు తేల్చలేం. డ్రిప్ పైపుల కంపెనీ మూడు రోజులు స్టాల్ పెట్టేది పైపులు అమ్ముకోవడానికి కాదు. పత్తికొండలో ఒక డీలరు దొరుకుతాడని, నలుగురు పెద్ద రైతుల ఫోను నంబర్లు చేతికొస్తాయని పెడుతుంది. ఆ డీలరును, ఆ రైతులను మైదానానికి రప్పించినందుకే మాకు డబ్బు. మేము అమ్మేది తొమ్మిది చదరపు మీటర్ల జాగా అని బిల్లులో ఉంటుంది గాని, అసలు అమ్మేది ఆ జాగా ముందుకు వచ్చి నిలబడే మనిషిని.

హైదరాబాద్, బెంగళూరుల్లో అంత పెద్ద ప్రాంగణాలు ఉండగా కర్నూలులో ఎందుకు?

భారీ యంత్రాలు అమ్మేవారికి, దేశమంతటి నుంచి కొనుగోలుదారులు కావాలనుకునేవారికి ఇక్కడ పని లేదు. 2003లో వచ్చిన హైదరాబాద్ హైటెక్స్ ప్రాంగణానికో, 2007లో వచ్చిన బెంగళూరు బీఐఈసీ ప్రాంగణానికో వెళ్లమని మేమే చెబుతాం. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ రెండు నగరాల మధ్య ఉన్నాం కాబట్టి వారితో పోటీ పడాలనుకోవడం అమాయకత్వం.

కానీ ఆలూరు రైతు పొలం పని మానుకుని హైటెక్స్‌కు వెళ్లడు. కర్నూలుకు వస్తాడు, ఎందుకంటే ఎలాగూ వస్తూనే ఉంటాడు. తుంగభద్ర దాటితే అలంపూర్, ఆ పైన గద్వాల. ఇటు రాయచూరు, అటు బళ్లారి. ఆసుపత్రి పనికో, బట్టలకో, బంగారానికో మూడు రాష్ట్రాల జనం వచ్చిపోయే ఊరు ఇది. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. ప్రచార పత్రంలో దాన్ని తప్పకుండా వేస్తాం, అయితే స్టాల్‌లో నిలబడే కంపెనీ ప్రతినిధులు ఎక్కువగా రాత్రి బస్సులోనో రైలులోనో దిగుతారు.

ఏ రంగంతో మొదలుపెట్టాలి?

ఈ ప్రాంతం దేని మీద బతుకుతుందో దానితోనే. ఉల్లి, పత్తి, శనగ, వేరుశనగ, టమాటా. ఉల్లి ధర పడిపోయి బస్తాలు యార్డులోనే కుళ్లిపోయిన సంవత్సరం ఎవరూ మరచిపోలేదు. కాబట్టి నిల్వ షెడ్లు, గ్రేడింగ్ యంత్రాలు, ఎండబెట్టే సామగ్రి తెచ్చే కంపెనీకి ఇక్కడ వినేవారు ఉంటారు. ఆదోనిలో పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. వాటికి విడిభాగాలు, బెల్టులు, మోటార్లు కావాలి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. 2022 విభజనతో అవి నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి గాని కోత బ్లేడ్లు కొనేవారు మారలేదు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మన పక్కనే ఉంది కాబట్టి సోలార్ పంపుసెట్ల గురించి అడిగే రైతులూ ఎక్కువే.

రంగం సరైనదా కాదా అని తేల్చుకోవడానికి మా పద్ధతి చాలా మొరటుది. ఒక నోటు పుస్తకంలో ఎడమవైపు డబ్బు కట్టి స్టాల్ తీసుకోగల యాభై సంస్థల పేర్లు రాయండి. కుడివైపు ఒక్కొక్కరు ఎవరిని కలవాలని వస్తారో రాయండి. ఎడమవైపు పాతిక దగ్గర ఆగిపోతే ప్రదర్శన వద్దు, ఒక రోజు సమావేశం చాలు. కుడివైపు అన్ని వరుసల్లోనూ ‘ప్రజలు’ అని రాయాల్సి వస్తే మీరు పెట్టబోయేది ట్రేడ్ షో కాదు, పైన చెప్పిన జెయింట్ వీల్ వ్యాపారం.

వ్యవసాయం, ఫర్నిచర్, ప్లాట్లు, ఇంజనీరింగ్ కాలేజీలు కలిపి ‘మెగా ఎక్స్‌పో’ అంటూ వచ్చే ప్రతిపాదనలు మేము తీసుకోం. ట్రాక్టరు చూడటానికి వచ్చిన మనిషి చేతిలో వెంచర్ బ్రోచర్లు పెడితే అతను రెండోసారి రాడు.

ఏ నెలలో పెడితే మంచిది?

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు, మధ్యలో సంక్రాంతి వారం వదిలేసి. జూన్, జూలైలలో రైతు విత్తనం పనిలో ఉంటాడు. అక్టోబరు, నవంబరులలో వేరుశనగ తీత, పత్తి ఏరడం, శనగ విత్తడం. పైగా తుపాను భయం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటితే రేకుల కింద నిలబడి యంత్రం గురించి వినే ఓపిక ఎవరికుంటుంది?

శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు సరిపోతాయి. గ్రామాల నుంచి వచ్చేవారు ఉదయం తొమ్మిదికే వస్తారు, రెండు దాటితే తిరుగు బస్సు చూసుకుంటారు. ఊళ్లోవారు సాయంత్రం ఐదు తరువాతే వస్తారు. అందుకని పదకొండు గంటలకు గేటు తెరిచే నగరపు అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎన్నికల సంవత్సరమైతే నియమావళి ఎప్పుడు అమల్లోకి వస్తుందో ముందే అంచనా వేసుకోండి. ప్రభుత్వ శాఖల స్టాళ్లు, మంత్రుల ఫొటోలున్న బ్యానర్లు రాత్రికి రాత్రి తీయాల్సి వస్తుంది.

మైదానమా, ఫంక్షన్ హాలా?

యంత్రాలుంటే మైదానమే. ఎస్‌టీబీసీ కళాశాల మైదానం వంటివి ఊరి నడుమ ఉంటాయి కాబట్టి అందరికీ తెలుసు, బస్సు దిగి నడిచి రావచ్చు. ఊరి బయట జాగా చవక. కానీ మిగిలిన అద్దె ఆటోలకూ ప్రచారానికీ పోతుంది. యంత్రాలు లేని చిన్న ప్రదర్శనకు, సదస్సుకు ఫంక్షన్ హాలు బాగుంటుంది. అయితే పెళ్లి ముహూర్తాల తేదీలు చూసుకుని గాని అడ్వాన్సు ఇవ్వకండి. ముహూర్తం ఉన్న రోజున హాలుకు రెట్టింపు చెప్పడమే గాక, ముందురోజు పెళ్లి వారు ఖాళీ చేసేసరికి అర్ధరాత్రి అవుతుంది. మీ స్టాళ్లు బిగించేది ఎప్పుడు?

మైదానం చూసేటప్పుడు నేల చూడండి. ఇక్కడ చాలా చోట్ల నల్లరేగడి. ఎండినప్పుడు మేకు దిగదు, పలుగుతో పొడిచి మరీ దింపాలి. ఒక్క జల్లు పడిందంటే అదే మేకు చేత్తో లాగినా ఊడి వస్తుంది, గుడారం తాళ్లు వదులవుతాయి, సామాను దించడానికి వచ్చిన లారీ వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోతాయి. అందుకే లారీ వచ్చే దారిలో ముందే గ్రావెల్ తోలించి, నడక దారుల మీద చెక్క పలకలు పరిచి, ఆ పైన కార్పెట్ వేస్తాం. కార్పెట్ కింద ఏముందో సందర్శకుడు చూడడు, కానీ నిర్వాహకుడి పనితనం అక్కడే తెలుస్తుంది. తలపైన విద్యుత్తు తీగలు వెళ్తున్న జాగా ఎంత చవకగా వచ్చినా వద్దు. అలాంటి చోట గుడారానికి అగ్నిమాపక శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సరైనది.

మూడు మీటర్లు × మూడు మీటర్ల స్టాల్‌లో ఏమేమి వస్తాయి?

మూడు వైపులా గోడ పలకలు, పైన మీ సంస్థ పేరు పలక, ఒక టేబుల్, రెండు కుర్చీలు, మూడు లైట్లు, ఒక ప్లగ్ పాయింటు, కార్పెట్, చెత్తబుట్ట. ఫ్యాను అడిగితే ఇస్తాం. రెండు వైపులా తెరిచి ఉండే మూల స్టాల్‌కు అద్దె ఎక్కువ. ప్లగ్ పాయింటు ఫోను చార్జింగుకు, టీవీకి సరిపోతుంది. మోటారు నడిపి చూపించాలంటే ఎంత లోడు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అన్నది పది రోజుల ముందు రాసి ఇవ్వాలి. చెప్పకుండా పిండి మర ఆన్ చేసి మొత్తం వరుసను చీకటి చేసినవారు ఉన్నారు. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు తెచ్చేవారు ఖాళీ జాగా తీసుకుని తమ ఏర్పాట్లు తామే చేసుకోవాలి.

అనుమతులు ఎవరెవరి దగ్గర తీసుకోవాలి?

మైదానం ఎవరిదో వారి రాతపూర్వక అనుమతితో మొదలు. అది లేకుండా మిగతా ఏ కాగితమూ కదలదు. తరువాత నగరపాలక సంస్థ, పోలీసు, అగ్నిమాపక శాఖ. తాత్కాలిక విద్యుత్ కనెక్షన్‌కు దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కార్యాలయం. తినుబండారాల స్టాళ్లవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. సినిమా పాటలు వేస్తే హక్కుల సంస్థలకు రుసుము కట్టాలి, పెళ్లికి ఉన్న మినహాయింపు ట్రేడ్ షోకు లేదు. మైకు రాత్రి పది గంటలకు ఆగాలి, ఇది 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల మాట.

నెలన్నర ముందు అర్జీలు పెట్టండి. అగ్నిమాపక అధికారి తనిఖీకి వచ్చేది గుడారం లేచాకే కాబట్టి చివరి సంతకం ముందురోజు సాయంత్రం పడుతుంది. కంగారు పడకండి, అందరికీ అంతే.

గద్వాల, రాయచూరు వ్యాపారులు వచ్చి సరుకు అమ్ముకోవచ్చా? జీఎస్టీ సంగతి ఏమిటి?

సమాచారం ఇచ్చి ఆర్డర్లు రాసుకుని వెళ్లేవారికి పెద్ద ఇబ్బంది లేదు. పన్ను పడే సరుకు ఇక్కడే అమ్మదలచిన వేరే రాష్ట్రపు వ్యాపారికి ఆంధ్రప్రదేశ్‌లో స్థిరమైన కొట్టు లేకపోతే, ‘క్యాజువల్’ పన్ను చెల్లింపుదారుగా తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అమ్మకం మొదలయ్యే తేదీకి కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. అంచనా పన్ను ముందే కట్టాలి. గడువు తొంభై రోజులు, కావాలంటే మరో తొంభై రోజులు పొడిగిస్తారు. ‘నా టర్నోవరు తక్కువ కదా’ అన్న మాట ఇక్కడ మామూలుగా చెల్లదు. చేనేత, హస్తకళల వస్తువులు తెచ్చేవారికి కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. గద్వాల చీరలు తెచ్చే నేతన్న తన ఆడిటరుతో ఈ విషయం ముందే మాట్లాడుకుంటే మంచిది. నది మీద వంతెన దాటితే రాష్ట్రం మారిపోతుందన్న సంగతి గద్వాల మగ్గానికి గుర్తుండదు గాని, వంతెన ఇవతల తనిఖీ అధికారికి బాగా గుర్తుంటుంది.

స్టాల్ అద్దె మీద 18 శాతం జీఎస్టీ అదనం. ‘బిల్లు వద్దు, పన్ను తగ్గించండి’ అని అడగకండి.

విత్తనాలు, పురుగుమందుల స్టాల్ పెట్టవచ్చా?

పెట్టవచ్చు, అమ్మకూడదు. లైసెన్సు ఫలానా చిరునామాలోని ఫలానా కొట్టుకు ఇస్తారు. నంద్యాలలోని మీ దుకాణం లైసెన్సు కర్నూలు మైదానంలోని స్టాల్‌కు వర్తించదు. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం అమ్మకానికి ప్రదర్శించడానికీ లైసెన్సు కావాలి. కాబట్టి ఖాళీ ప్యాకెట్లు, పంట నమూనాలు, కరపత్రాలు పెట్టి, కొనేవారిని దుకాణానికి పంపండి. నకిలీ విత్తనాలతో దెబ్బతిన్న రైతులున్న ప్రాంతం ఇది. మైదానంలో సంచి అమ్మి మరుసటి రోజు కనిపించకుండా పోయేవాడికి మేము వేదిక ఇవ్వం. ఈ విషయంలో మా ఒప్పంద పత్రం కఠినంగానే ఉంటుంది.

ఇందులో లాభం ఎంత ఉంటుంది?

కొత్తగా దిగేవారు మొదట అడిగేది ఇదే. ఊహకు ఒక లెక్క వేద్దాం. అరవై స్టాళ్లు, ఒక్కోటి ఇరవై వేలు. అందులో ఆరు వ్యవసాయ శాఖకు, పరిశోధనా కేంద్రానికి, మహిళా సంఘాలకు ఉచితం. మిగిలిన యాభై నాలుగూ అమ్ముడైతే పది లక్షల ఎనభై వేలు. మైదానం, గుడారాలు, కరెంటు, జనరేటర్, ప్రచారం, భద్రత, మరుగుదొడ్లు, మనుషుల ఖర్చు కలిపి తొమ్మిది లక్షలనుకోండి. నలభై ఐదో స్టాల్ దాకా మీరు ఖర్చుల కోసమే పని చేశారు. లాభమంతా చివరి తొమ్మిది స్టాళ్లలో ఉంది, అంటే లక్షా ఎనభై వేలు. ఇప్పుడు మొహమాటానికి పోయి అందరికీ పది శాతం తగ్గించారనుకోండి. లక్షా ఎనిమిది వేలు పోయినట్టే, లాభంలో సగానికి పైగా.

మొదటి సంవత్సరం ఆ చివరి తొమ్మిది అమ్ముడు కావు. రెండో సంవత్సరం పాతవారు తిరిగి వస్తేనే ఈ వ్యాపారం నిలుస్తుంది. అప్పు తెచ్చి మొదటి ప్రదర్శన చేయకండి.

పక్క స్టాల్‌వారికి తక్కువకు ఇచ్చారట, మాకెందుకు ఇవ్వరు?

మూడు నెలల ముందు డబ్బు కట్టినవారికి తగ్గింపు ఇస్తాం, అది అందరికీ ముందే చెప్పిన తగ్గింపు. ప్రారంభానికి రెండు రోజుల ముందు ‘ఎలాగూ ఖాళీగా ఉంది కదా’ అంటూ సగం ధరకు అడిగేవారికి ఇవ్వం. ఖాళీ స్టాల్‌లో రైతులు కూర్చోవడానికి కుర్చీలు వేస్తాం. అప్పుడు నష్టపోయేది ఆ ఒక్క స్టాల్ అద్దే. సగం ధరకు ఇస్తే వచ్చే ఏడాది ఒక్కరూ ముందుగా కట్టరు.

రైతులు నిజంగా వస్తారా? ఎలా రప్పిస్తారు?

హోర్డింగులతో రారు. ఊళ్లో పెద్ద హోర్డింగు చూసి వచ్చేది పిల్లలతో సాయంత్రం షికారుకు వచ్చే కుటుంబం. రైతును రప్పించేది అతను నమ్మే మనిషి చెప్పిన మాట. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. అక్కడి శాస్త్రవేత్త ఫలానా రోజు శనగలో ఎండు తెగులు గురించి మాట్లాడతారని రైతు సేవా కేంద్రంలో చెబితే, ఆ ఊరి నుంచి ఒక ఆటో నిండా జనం వస్తారు. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, ఎరువుల డీలర్లు కూడా ఇలా రప్పించగలిగినవారే. మండలానికి ఒక మనిషిని పెట్టి నెల రోజులు తిప్పుతాం. మా ఖర్చుల్లో దీనికి కోత పెట్టం. వేదిక మీద పూలకు, శాలువాలకు పెడతాం.

గేటు దగ్గర పేరు, ఊరు, మండలం, పంట, ఎన్ని ఎకరాలు, ఫోను నంబరు రాయించుకుంటాం. ‘మీ నంబరు కంపెనీలకు ఇవ్వవచ్చా?’ అన్న గడి విడిగా ఉంటుంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సంగతి అటుంచి, అడగకుండా నంబరు ఇస్తే మరుసటి రోజు నుంచి ఆ రైతుకు రోజూ ఫోన్లు, మాకు శాపనార్థాలు. మొత్తం ఎంతమంది వచ్చారన్న లెక్క మేము ప్రకటించం. ఏ మండలం నుంచి ఏ పంట వేసే రైతులు ఎంతమంది వచ్చారన్నది మాత్రం స్టాల్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఇస్తాం.

ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలుస్తారా?

పిలుస్తాం, పదకొండు గంటలకు. గేటు మాత్రం తొమ్మిదికే తెరుస్తాం. రిబ్బను కత్తిరించే దాకా జనాన్ని బయట నిలబెట్టే పద్ధతి మా దగ్గర లేదు. వీఐపీ రాక ఆలస్యమై మధ్యాహ్నం రెండయితే ఉదయం బస్సుకు వచ్చిన రైతు ఏమీ చూడకుండానే తిరిగి వెళ్తాడు, ఆ రోజు అద్దె కట్టినవారికి ఒక పూట పోతుంది. వేదికను స్టాళ్లకు దూరంగా, ఒక చివర కట్టడానికి కారణం కూడా ఇదే. ఉపన్యాసాల మైకు మోగుతుంటే స్టాల్‌లో మాట వినిపించదు.

మహిళా పొదుపు సంఘాలకు, చిన్న యూనిట్లకు రాయితీ ఉందా?

ఉంది. ఓర్వకల్లు పొదుపు సంఘాల పేరు తెలియనివారు ఈ జిల్లాలో లేరు. అలాంటి సంఘాలకు కొన్ని స్టాళ్లు ఉచితంగా కేటాయిస్తాం, మూలన కాకుండా ప్రవేశ ద్వారం వైపే. నాబార్డు కూడా సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ప్రదర్శనల్లో చోటు కోసం సాయం చేస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమలు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ మార్కెటింగ్ పథకం కింద అద్దెలో కొంత తిరిగి పొందే వీలుంటుంది. అయితే ప్రతి ప్రదర్శనా ఆ పథకం కిందికి రాదు. మా ప్రదర్శన దాని కిందికి వస్తే ఆ సంవత్సరం ముందే చెబుతాం.

వైద్యుల సదస్సులు కూడా చేస్తారా?

చేస్తాం. కర్నూలు వైద్య కళాశాల 1956 నుంచి ఉన్న ఊరు కాబట్టి వైద్యుల సమావేశాలు తరచుగా జరుగుతాయి. అక్కడ లెక్క వేరు. రిజిస్ట్రేషన్ రుసుము, మందుల కంపెనీల స్టాళ్లు ఆదాయం. గదులు, భోజనం, తెర మీద స్లయిడు ఆగకుండా నడవడం ఖర్చు. మందుల కంపెనీల ప్రచారంపై 2024లో వచ్చిన ప్రవర్తనా నియమావళి తరువాత బహుమతులు, ప్రయాణ ఖర్చుల విషయంలో కంపెనీలు జాగ్రత్తగా ఉంటున్నాయి కాబట్టి, స్పాన్సర్ల మీదే బరువంతా వేసిన బడ్జెట్‌లను మేము ఒప్పుకోవడం మానేశాం. భోజనం విషయంలో ఒక్క మాట: ఉత్తరాది వంటకాల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా, ముందు ఖాళీ అయ్యేది ఉగ్గాని బజ్జీల పళ్లెమే.

వాన వస్తే, లేదా ప్రదర్శన రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా?

మేము రద్దు చేస్తే మొత్తం తిరిగి ఇస్తాం. ప్రభుత్వ ఉత్తర్వు వల్లో, ప్రకృతి వైపరీత్యం వల్లో ఆగితే అదే అద్దెతో కొత్త తేదీకి మారుస్తాం. మీరు మానుకుంటే నెల రోజుల ముందయితే సగం వస్తుంది, ఆ తరువాత రాదు. మీ యంత్రాలకు బీమా మీరే చేయించుకోవాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు దుకాణాల్లో సరుకు ఏమైందో చూసిన వ్యాపారులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నమే సర్దుకుని వెళ్లిపోవచ్చా?

వద్దు. ఆదివారం సాయంత్రం నాలుగుకు ఒకరు బ్యానరు విప్పితే అరగంటలో వరుసంతా విప్పుతుంది. ఆరు గంటలకు వచ్చిన కొనుగోలుదారు అట్టపెట్టెలు చూసి వెనక్కి వెళ్తాడు. ఏడు దాటాకే సామాను బయటికి వెళ్లే గేటు పాసులు ఇస్తాం. అంతకు ముందు లారీని లోపలికి రానివ్వం.

డిపాజిట్ ఎప్పుడు తిరిగి వస్తుంది?

సోమవారం మధ్యాహ్నంలోగా జాగా ఖాళీ చేసి, గోడ పలకలకు మేకులు కొట్టలేదని మా సూపర్‌వైజరు సంతకం పెడితే, వారం రోజుల్లో మీ బ్యాంకు ఖాతాకు. టేపు మరకలకు పట్టుకోం, రంధ్రాలకు పట్టుకుంటాం.